కానో బజారులో సరుకు కన్నా ముందు పూచీ

బుధవారం

లేగోస్‌లో నేను పనిచేసే కంపెనీ మందులు దిగుమతి చేసుకుని నైజీరియా అంతా టోకుగా అమ్ముతుంది. లెక్కల విభాగంలో బాకీలు చూడటం నా పని. దక్షిణాదిలో ఎంత పెద్ద కొట్టువాడినైనా బ్యాంకు గ్యారంటీ అడుగుతాం, ముందు తేదీ వేసిన చెక్కులు తీసుకుంటాం, అయినా వసూలుకు చెప్పులు అరగాల్సిందే. ఉత్తరాన ఉన్న కానో నగరం ఖాతాల తీరే వేరు. కాగితం ముక్క ఉండదు. "ఫలానా అల్హాజీ మనిషి" అని పుస్తకంలో ఒక్క మాట రాసి ఉంటుంది, అంతే. అల్హాజీ అంటే హజ్ యాత్ర చేసొచ్చిన ముస్లిం పెద్దమనిషి. డబ్బు కాస్త ఆలస్యమైనా వచ్చి పడుతుంది. ఆ ఒక్క మాటకు అంత విలువ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెళ్ళి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. జనవరిలో సెలవు దొరికింది. ఆఫీసులో కానో నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన తన బంధువులకు ఫోన్లు చేసి పెట్టాడు, బయల్దేరాను.

విమానంలో గంటన్నర. దిగేదాకా కింద ఊరు కనబడలేదు. ఈ నెలల్లో సహారా మీదుగా హర్మటాన్ అనే పొడిగాలి వీస్తుంది. సన్నటి దుమ్ము ఆకాశాన్ని కప్పేస్తుంది, పెదాలు పగుళ్ళిస్తాయి, పొద్దున పూట చలికి స్వెట్టర్ కావాలి. నైజీరియా అంటే ఉక్కపోతే అనుకునే మావాళ్ళకి ఈ సంగతి చెబితే నమ్మరు.

ఎయిర్‌పోర్టు బయట వరసగా పసుపు రంగు ఆటోలు. ఇక్కడి పేరు 'అదైదైతా సహు'. దగ్గరికెళ్ళి చూస్తే మన బజాజ్ బండే. 2013లో కానోలో మోటార్‌సైకిల్ టాక్సీలను నిషేధించాక ఊరు మొత్తం వీటి మీదే తిరుగుతోంది. నన్ను తీసుకెళ్ళడానికి సహోద్యోగి మేనల్లుడు వచ్చాడు. బయెరో యూనివర్సిటీలో చదువుతున్న కుర్రాడు. ఆటో డ్రైవర్‌తో అతను ఇక్కడి భాష హౌసాలో మాట్లాడిన రెండు నిమిషాల్లో ముగ్గురు ఉమ్మడి పరిచయస్థులు బయటపడ్డారు. కిరాయి తగ్గింది. దారిలో డ్రైవర్ నా వైపు తిరిగి ఒక హిందీ పాట పల్లవి అందుకున్నాడు. కానోలో హిందీ సినిమా పిచ్చి ఈనాటిది కాదు. తాతల కాలం నుంచీ హాళ్ళలో ఆడినవే. ఇప్పుడైతే మన దక్షిణాది సినిమాలు కూడా హౌసాలోకి డబ్ అయి ఫోన్లలో తిరుగుతున్నాయి.

రాత్రి సబోన్ గరీ అనే పేటలో హోటల్. తిండి మాత్రం రోడ్డు మీద. ఒక పదేళ్ళ పిల్ల తల మీద పళ్ళెం పెట్టుకుని వచ్చింది. ఉడికించిన మునగాకులో ఉల్లిపాయ ముక్కలు, కారం, నూనె తీసేసిన వేరుశనగ పిండితో చేసిన కులికులి పొడి కలిపి ఆకుపచ్చటి ముద్దగా పెట్టి ఇచ్చింది. వీళ్ళు దాన్ని 'జోగలే' అంటారు. చాలా బాగుంది, రెండోసారి కూడా అడిగి తిన్నాను. చేసింది ఎవరమ్మా అంటే ఇంట్లో అమ్మ అంది. కుర్రాడు వివరం చెప్పాడు: పాతబస్తీలో పెళ్ళైన ఆడవాళ్ళు చాలామంది గడప దాటరు, కానీ వ్యాపారం మానరు. వండేది, లెక్క చూసేది, ధర చెప్పేది ఇంటి లోపల వాళ్ళు. వీధిలో తిరిగేది పిల్లలు. లేగోస్ బజార్లలో ఆడవాళ్ళే రాజ్యమేలుతారు. కానో బజార్లో కొట్ల మీద వాళ్ళు కనబడరు. కనబడని ఆ వ్యాపారం ఎంతో ఎవరి పద్దులోనూ ఉండదు. ఆ పిల్ల బడికి ఎప్పుడు వెళ్తుందన్న నా ప్రశ్నకు కుర్రాడు జవాబు చెప్పలేదు.

గురువారం

పొద్దున్నే కుర్మీ బజారు. కానో పాతబస్తీ నడిబొడ్డున, జకారా వాగు పక్కన ఉంటుంది. వాగు అంటున్నాను గానీ ఇప్పుడది నల్లటి మురుగు కాలువ. ముక్కు మూసుకుని దాటాలి.

ఈ బజారును పెట్టించినవాడు ముహమ్మదు రుంఫా. 1463 నుంచి 1499 దాకా కానోను ఏలాడు. ఎమీర్లు, అంటే ఊరి సంప్రదాయ ముస్లిం పాలకులు, ఈనాటికీ ఉండే కోట కూడా అతను కట్టించిందే, అందుకే దాన్ని 'గిదాన్ రుంఫా' అని పిలుస్తారు. ఊరి చుట్టూ మట్టి గోడ అంతకు ముందే ఉంది, అతను దాన్ని పెంచాడు. గోడ, కోట, బజారు మూడూ ఉంటే ఎడారి దాటి వచ్చే ఒంటె బిడారులు ఇక్కడే ఆగుతాయని అతని లెక్క. ఆ లెక్క తప్పలేదు. నాలుగు వందల ఏళ్ళ పాటు ఉత్తరాన ఇప్పటి లిబియాలోని ట్రిపోలీ, ఘదామెస్ నుంచి అద్దాలూ పట్టూ కాగితమూ వచ్చాయి. ఇప్పటి నైజర్ ఎడారిలోని బిల్మా నుంచి ఉప్పు వచ్చింది. దక్షిణాన ఇప్పటి ఘనా అడవుల నుంచి కోలా కాయలు వచ్చాయి. ఇక్కణ్ణుంచి నీలం గుడ్డా, ఎర్ర మేకతోలూ వెళ్ళాయి. యూరప్‌లో పుస్తకాలకు అట్టలు వేసిన 'మొరాకో తోలు' అంతా మొరాకోది కాదు. కానో, సొకొటో ప్రాంతాల్లో పదును చేసిన తోలు ఒంటెల మీద సహారా దాటి ఉత్తరాఫ్రికా రేవుల నుంచి ఓడెక్కేది. పేరు మొరాకోకి దక్కింది.

లోపల సందులు ఇద్దరు ఎదురైతే ఒకరు ఒరిగి దారి ఇవ్వాల్సినంత ఇరుకు. పైన రేకులు. ఒక వరస అంతా తోలు: సంచులు, చెప్పులు, గుర్రాల జీన్లు, కళ్ళేలు. పండగ రోజుల్లో ఎమీర్ దర్బారుకు వందల గుర్రాలు అలంకరించుకుని వస్తాయి, ఆ సామానంతా ఇక్కణ్ణుంచే. ఒక కొట్లో నేల మీద ఎండిన నల్లతుమ్మ కాయల గోతాం కనబడింది. ఊళ్ళో తోళ్ళు పదును చేయడానికి ఇప్పటికీ ఇవే. చేతిలోకి తీసుకుంటే మా ఊరి చెరువు గట్టు మీద ఏరిన కాయే, గింజ గింజకూ నొక్కుతో. పక్క సందులో అత్తరు, పూసలు, చాపలు, నాటు మందుల వేళ్ళు. ఆపైన ఖురాన్ ప్రతులు అమ్మేవాళ్ళు. కుట్టని విడి ఆకులుగా, తోలు సంచీలో పెట్టి ఇస్తారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఒక బేరం. నైజర్ దేశంలోని మరాదీ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన గుర్రపు జీన్లు కొంటున్నాడు. కొట్టు యజమాని ఒక చాప మీద, కొనేవాడు ఇంకో చాప మీద. మధ్యలో తెల్ల గడ్డం ముసలాయన జపమాల తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆయన దలాలీ. కొట్టువాడు ధర ఆయనకే చెబుతాడు. కొనేవాడూ ఆయనకే చెబుతాడు. ఇద్దరూ ఒకరికొకరు వినిపించేంత దూరంలోనే ఉన్నా నేరుగా మాట్లాడుకోరు. ముసలాయన ఒక జీను తిరగేసి లోపలి కుట్టు మీద వేలు నడిపాడు, ఒకచోట ఆగాడు, ఏమీ అనకుండా దాన్ని పక్కన పెట్టాడు. కొట్టువాడు చప్పుడు చేయకుండా దాని బదులు ఇంకోటి తెచ్చాడు. అరగంటలో బేరం తెగింది. డబ్బులు చేతులు మారలేదు. సరుకు మాత్రం కట్టలు కట్టేశారు.

"డబ్బో?" అని అడిగాను కుర్రాణ్ణి.

"ముసలాయన ఉన్నాడు కదా సార్," అన్నాడు, ఇంకేం చెప్పాలన్నట్టు.

ఈ పద్ధతి ఎంత పాతదో తెలియాలంటే హ్యూ క్లాపర్టన్‌ని చదవాలి. ఈ స్కాట్లండు నావికుడు ట్రిపోలీ నుంచి ఎడారి దాటి 1824 జనవరిలో కానో చేరాడు. బజారు చూసి అతను రాసిపెట్టిన ఒక వివరం నాకు కంఠతా వచ్చేసింది. కానోలో కొన్న గుడ్డ మూట విప్పకుండా బోర్నూ రాజ్యానికో ఇంకా దూరానికో తీసుకెళ్ళి, అక్కడ విప్పి చూస్తే నాసిరకం అని తేలిందనుకోండి. వెంటనే తిప్పి పంపేసేవాళ్ళు. ప్రతి మూట లోపలా దలాలీ పేరు రాసి ఉండేది. ఆ దలాలీ అమ్మినవాణ్ణి వెతికి పట్టుకోవాలి, అమ్మినవాడు కానో చట్టం ప్రకారం సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఒంటెల మీద వారాల తరబడి ప్రయాణం, మధ్యలో వేరే రాజ్యం, అయినా సరుకు వాపసు! అమ్మేవాడు కొన్నవాడికి శుభం పేరుతో నూటికి రెండు వెనక్కి ఇచ్చేవాడట. బేరం అద్దె ఇంట్లో జరిగితే ఆ రెండూ ఇంటి యజమానికి పోయేవి. ఇంటి యజమానికెందుకు అంటే, పరదేశి వ్యాపారికి బస ఇచ్చి, తిండి పెట్టి, సరుకు దాచి, ఊళ్ళో వాడికి పూచీ పడేది అతనే కాబట్టి. 'మై గిదా' అంటారు. మా ఖాతా పుస్తకంలోని "ఫలానా అల్హాజీ మనిషి" అన్న మాటకు మూలం ఈ ఇంటి గడపలో ఉంది.

అదే క్లాపర్టన్ ఇంకోటి కూడా రాశాడు. ఈ బజారులో రెండు పొడుగాటి పాకలు, ఒకదాంట్లో మగవాళ్ళు, ఒకదాంట్లో ఆడవాళ్ళు, వరసగా కూర్చోబెట్టి అమ్మకానికి. కుర్మీ వైభవం గురించి మాట్లాడేవాళ్ళు ఉప్పూ తోలూ గుడ్డా చెప్పి, ఈ పాకల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఎడారి దాటిన బిడారుల్లో మనుషులూ సరుకే. నమ్మకం, పూచీ, వాపసు హామీ అన్నీ వాళ్ళ అమ్మకానికి కూడా పనిచేసినవే. ఇప్పుడు ఆ చోటు ఎక్కడని అడిగితే ఇద్దరు చెరో వైపు చూపించారు.

శుక్రవారం

జుమ్మా రోజు మధ్యాహ్నం ఊరు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే కోఫర్ మాతా దగ్గర నీలిమందు గుంటలకు వెళ్ళాం. 1498 నుంచి నడుస్తున్నాయని గోడ మీద రాసుకున్నారు. నేలలోకి బావుల్లా దిగిన గుంటలు, చాలావరకు పూడిపోయాయి, కొన్నింటిలోనే పని జరుగుతోంది. నీలిమందు, కట్టెల బూడిద, నీళ్ళు వేసి వారాల తరబడి పులియబెడతారు. రంగరి ఒకాయన గుంట అంచున పీట మీద కూర్చుని ముంజేతుల దాకా నీలం పట్టిన చేతులతో గుడ్డ ముంచి తీస్తున్నాడు. గుంటలోంచి వచ్చినప్పుడు గుడ్డ పసుపు కలిసిన ఆకుపచ్చ. గాలి తగులుతున్నకొద్దీ చూస్తుండగానే నీలమైపోతుంది. మళ్ళీ ముంచుతాడు. ముదురు రంగు కావాలంటే గంటల తరబడి ఇదే. పక్క గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని దుంగ మీద గుడ్డ పరిచి చెక్క సుత్తులతో దంచుతున్నారు. ఇస్త్రీ అదే, మెరుపూ అదే. ఎడారి టువారెగ్‌లు ఇష్టపడే తలపాగా గుడ్డ ఇలా దంచితేనే లోహంలా తళతళలాడేది.

1851లో ఇక్కడికి వచ్చిన జర్మన్ యాత్రికుడు హైన్రిక్ బార్త్ ఊరి జనాభా ముప్పై వేలని, వ్యాపారం ముమ్మరంగా ఉండే నెలల్లో రెట్టింపు అవుతుందని అంచనా కట్టాడు. కానో గుడ్డ అట్లాంటిక్ తీరం దాకా కడుతున్నారని కూడా. అతన్ని విసిగించింది చిల్లర. అప్పటి డబ్బు గవ్వలు. హిందూ మహాసముద్రంలో మాల్దీవుల దగ్గర ఏరిన గవ్వలు సగం ప్రపంచం చుట్టి ఇక్కడ నాణేలయ్యాయి. ఒక వెండి డాలర్‌కు 2,500 గవ్వలు. పెద్ద బేరమైతే మనుషుల్ని కూర్చోబెట్టి ఐదేసి చొప్పున లెక్కించాలి. అంత చిల్లర మోసుకు తిరగడం కంటే నోటి మాట మీద అరువు నడపడమే సులువు అని వ్యాపారులకు తోచి ఉంటుంది. ఇది నా ఊహ.

మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక రోడ్లన్నీ తెల్ల గౌన్లతో నిండిపోయాయి. ఎమీర్ కోట వైపు వెళ్ళాలనుకున్నాం గానీ 2024 మే నుంచి ఇద్దరు ఎమీర్ల మధ్య వివాదం నడుస్తోంది, అటు పోలీసులు ఎక్కువ. సాయంత్రం అలసందల పిండితో వేసిన వడలు తిని పడుకున్నాను.

శనివారం

కాంతిన్ క్వారీ. పశ్చిమాఫ్రికాలోని పెద్ద బట్టల బజార్లలో ఒకటి, పాత గోడకు బయట. కుర్మీ ఇప్పుడు పేరుకే పెద్ద, అసలు సొమ్ము వేరే బజార్లకు చీలిపోయింది: బట్టలు ఇక్కడ, ధాన్యం దవనావ్‌లో, ఇనుప సామాను కోఫర్ రువాలో, కూరగాయలు యాంకబాలో. కానీ మనుషులు చీలిపోలేదు. కుర్మీలో తాత, కాంతిన్ క్వారీలో కొడుకు, దవనావ్‌లో అల్లుడు.

సహోద్యోగి మేనమామ కొట్టు ఒక మూడంతస్తుల భవనంలో. డెబ్బై దాటిన అల్హాజీ. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి ముందు కుశల ప్రశ్నలు. హౌసాలో పలకరింపులకు తొందర పనికిరాదు: రాత్రి ఎలా గడిచింది, ఇల్లెలా ఉంది, పని ఎలా ఉంది, అలసట ఎలా ఉంది, చలి ఎలా ఉంది. అన్నింటికీ "లాఫియా", అంటే క్షేమం, అనాలి. అవన్నీ అయ్యాక ఒక గిన్నెలో కోలా కాయలు పెట్టాడు. చేదు, నమిలాక నీళ్ళు తాగితే తియ్యగా ఉంటుంది.

"మీరేం కొంటారు?" అని అడిగాడు.

"ఏమీ కొనను అల్హాజీ, కూర్చుని చూస్తాను."

"మంచిది. కూర్చునేవాడే వ్యాపారం నేర్చుకుంటాడు."

కొట్టు నిండా బేళ్ళు. మగవాళ్ళ గౌన్లకు వాడే మెరుపు షద్దా, ఆడవాళ్ళకు పూల అచ్చు అతంపా, ముసుగులకు సన్న గుడ్డ. దాదాపు అంతా చైనా సరుకు. ఒకప్పుడు కానోలో, కదునాలో పెద్ద మిల్లులు ఉండేవి. కరెంటు కోతలు, దొంగ దిగుమతులు, పాతబడిన యంత్రాలు కలిసి ఒక్కొక్కటే మూతపడ్డాయి, కదునాలోని పెద్ద మిల్లు 2007లో. చైనా మిల్లులు కానో గుడ్డల డిజైన్లనే చవకగా అచ్చేసి తిరిగి కానోకే అమ్ముతున్నాయి. అల్హాజీకి ఆ సంగతి చెప్పేటప్పుడు కోపమేమీ లేదు. "గుడ్డ ఎక్కడిదైతేనేం, అమ్మేది మేమే" అన్నాడు. నాకు మాత్రం ఆ మాట రుచించలేదు. నిన్న గుంటల దగ్గర చూసిన నీలం చేతులు గుర్తొచ్చాయి.

నాది ఆంధ్ర అని తెలిసి, మీ దగ్గర గుడ్డ ఏం నేస్తారని అడిగాడు. చీరాల సంగతి చెప్పాను. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ళ 'మద్రాసు రుమాళ్ళు' ఒకప్పుడు బేళ్ళకు బేళ్ళు నైజీరియాకే వచ్చేవి. ఆయన వాటిని చూశాడు గానీ అమ్మలేదు. వాటి గిరాకీ దక్షిణాన నైజర్ డెల్టాలో, కలబారి వాళ్ళ దగ్గర. పుట్టుకకీ చావుకీ వాళ్ళకి ఆ గుడ్డే కావాలి. చీరాలలో ఆ గళ్ళు నేసిన తాతలకి అది కట్టేవాళ్ళెవరో తెలియదు, కట్టేవాళ్ళకి చీరాల తెలియదు.

మధ్యాహ్నం లోగా జరిగింది ఇది. చాద్ రాజధాని ఎంజమేనా నుంచి వచ్చిన ఒక పడుచు వ్యాపారి బేళ్ళు కట్టించాడు. సగం డబ్బు ఫోన్‌లో పంపాడు. డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చేదాకా గుమాస్తా ఫోన్ వైపు చూస్తూ కదల్లేదు, ఎందుకంటే దొంగ మెసేజ్‌ల బెడద అన్ని చోట్లా ఉంది. మిగతా సగానికి మాత్రం అల్హాజీ పాత నోటుబుక్కులో అరబిక్ లిపిలో ఒక వరస రాసుకున్నాడు. ఫోన్ సొమ్ముకు సాక్ష్యం కావాలి, అరువు సొమ్ముకు అక్కర్లేదా? అదే అడిగాను.

"ఫోన్ డబ్బు అతనిది. ఈ బాకీ అతని మామది," అన్నాడు. "అతని మామ మా నాన్న ఇంట్లో బస చేసేవాడు."

బాకీ ఎగ్గొడితే? పోలీసు, కోర్టు అనలేదు. "అతని పేరు మసీదు దగ్గర వినబడుతుంది. ఆ తర్వాత అతనికీ, అతని కొడుక్కీ ఈ ఊళ్ళో ఒక మూర గుడ్డ కూడా అప్పు పుట్టదు." కొడుకు చేసిన పాపమేమిటని నాకనిపించింది. ఈ పద్ధతికి బలమూ క్రూరత్వమూ ఒకేచోట ఉన్నాయి. పూచీ పడే మామ లేనివాడు ఎంత తెలివైనవాడైనా మోతగాడిగానే మిగిలిపోతాడు. కింద సందులో బేళ్ళు తోపుడు బళ్ళ మీద లాగుతున్న కుర్రాళ్ళు అలాంటివాళ్ళే, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు.

ఈ మధ్య దెబ్బలు కూడా తక్కువేమీ కాదు. 2023 మొదట్లో పాత నోట్లు మార్చాలని ప్రభుత్వం చెప్పి కొత్తవి చాలినన్ని ఇవ్వలేదు, నెలల పాటు చేతిలో నోటు లేదు. జూన్‌లో ఇక్కడి కరెన్సీ నైరాను బజారు రేటుకు వదిలేశారు. డాలర్‌కు 460 నైరాల చుట్టూ ఉన్న రేటు ఏడాది తిరక్కుండా 1,500 దాటింది. జూలైలో నైజర్‌లో సైన్యం అధికారం పట్టుకుంటే సరిహద్దు మూసేశారు, మళ్ళీ తెరిచింది 2024 మార్చిలో. ఆ నెలల్లో ఎలా నడిచిందని అడిగితే అల్హాజీ నోటుబుక్కు మూసి దాని అట్ట మీద చెయ్యి వేశాడు.

దారిలో కుర్రాడు అల్హసన్ దంతాతా గురించి చెప్పాడు. 1877లో పుట్టిన ఈయన కోలా కాయల వ్యాపారంతో మొదలుపెట్టాడు. కానోకు రైలు వచ్చిన కొత్తలో, 1912 ప్రాంతంలో, ఇంగ్లీషు కంపెనీలు పత్తి కోసం కాచుకు కూర్చున్నాయి. వచ్చింది వేరుశనగ. కోలా, పశువుల వ్యాపారానికి పల్లె పల్లెలో ఉన్న దలాలీలు, బస ఇళ్ళు ఒక్క పంటలో వేరుశనగ వైపు తిరిగిపోయాయి, రైతు చేతిలో ముందే అరువు పెట్టాయి. రైలు కొత్తది, పూచీలు పాతవి. దంతాతా 1955లో చనిపోయేనాటికి పశ్చిమాఫ్రికాలోకెల్లా ధనవంతుల్లో ఒకడు. ఈనాటి సిమెంటు కుబేరుడు అలీకో డంగోటే ఆయన వంశం వాడే, 1957లో కానోలోనే పుట్టాడు. అప్పట్లో ఎగుమతికి ఎదురుచూసే బస్తాలు ఊరి బయట పిరమిడ్లుగా పేర్చి ఉండేవి. 1970ల కరువు, తెగులు, పెట్రోలు డబ్బు మోజు కలిసి వాటిని మాయం చేశాయి.

ఆదివారం

సబోన్ గరీలో చర్చి మైకులు. కానో గోడ బయట, దక్షిణాది నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్ళ కోసం ఇంగ్లీషువాళ్ళు వేసిన పేట ఇది. ఇగ్బోలు, యోరుబాలు ఎక్కువ. 1966లో ఇక్కడ ఇగ్బోల మీద ఊచకోత జరిగింది. పారిపోయినవాళ్ళు ఆ తర్వాత వచ్చిన బయాఫ్రా అంతర్యుద్ధం ముగిశాక మెల్లగా తిరిగొచ్చారు. ఈ పేట బజారు 2016లో తగలబడింది, వేల కొట్లు బూడిదయ్యాయి. ఇవాళ సగం కొట్లు మూసి ఉన్నాయి. మా కంపెనీ మందులు అమ్మే వరస ఇక్కడే ఉండేది, 2024లో ప్రభుత్వం ఊరి బయట దంగ్వౌరోకు మార్చింది.

టీ కొట్టు దగ్గర ఒక ఇగ్బో స్పేర్ పార్టుల వ్యాపారి కలిశాడు. పన్నెండేళ్ళప్పుడు మేనమామ వెంట వచ్చి ఏడేళ్ళు జీతం లేకుండా కొట్లో పనిచేశాడట. చివర్న మేనమామ పెట్టుబడి పెట్టి వేరే కొట్టు పెట్టించాడు. ఇగ్బోల రివాజు అది. "హౌసావాడికి ఇల్లు పూచీ, మాకు చాకిరీ పూచీ" అని నవ్వాడు.

సోమవారం

దవనావ్ ఊరికి వాయవ్యాన, కట్సినా రోడ్డు మీద ఉంది. పశ్చిమాఫ్రికాలోకెల్లా పెద్ద ధాన్యపు బజారు అంటారు. లోపలికి వెళ్తే ఆ మాట అతిశయం అనిపించదు. గోడౌన్ల వరసలు, లారీల వరసలు, జొన్న, సజ్జ, మొక్కజొన్న, అలసందలు, నువ్వులు, అల్లం. గుంటూరు మిర్చి యార్డులో పెరిగినవాడికి ఇక్కడ దారి చూపించక్కర్లేదు. రైతు బస్తా దించుతాడు, కమీషన్ కొట్టువాడు దాన్ని తన పేరు మీద నిలబెడతాడు, దూరపు వ్యాపారి రైతు ముఖం చూడకుండానే కొంటాడు. తేడా ఒక్కటే, ఇక్కడ వేలం పాట లేదు. ధర గుసగుసల్లోనే తేలుతుంది.

చిల్లర అమ్మే చోట ఒకాయన గిన్నెతో అలసందలు కొలుస్తున్నాడు. గిన్నె నిండాక ఎడమ ముంజేతిని అంచుకు ఆనించి, కుడిచేత్తో గింజలు పోస్తూ పోస్తూ గోపురం లేపాడు. గిన్నెలో ఎంత ఉందో పైనా దాదాపు అంతే. తెలిసినవాళ్ళకు ముంజేయి ఆనిస్తాడు, తెలియనివాళ్ళకు ఆనించడు. ధర అందరికీ ఒకటే.

తర్వాతి గోడౌన్‌లో కొండలా ఎర్రటి ఎండు పువ్వు. వాసన చూడగానే నోరూరింది. గోంగూర కాయల చుట్టూ ఉండే ఎర్ర రేకలే! మనం ఆకు తిని కాయను వదిలేస్తాం, వీళ్ళు రేకల్ని ఎండబెట్టి 'జోబో' పానకం చేసుకుంటారు, ఆకును 'యాకువా' అని వండుకుంటారు. మెక్సికో దాకా ఎగుమతి అవుతుంది. లేగోస్‌లో తెలుగు కుటుంబాలు ఉగాదికి కలిసినప్పుడు పానకం చేయొచ్చనిపించింది. ఒక బస్తా ధర అడిగాను. గోడౌన్ యజమాని చెప్పిన ధర మామూలు ధరే. కుర్రాడు పక్కకి వెళ్ళి ఫోన్ కలిపాడు, యజమాని చేతికిచ్చాడు. అవతల కాంతిన్ క్వారీ అల్హాజీ. పలకరింపులు చాలాసేపు సాగాయి, గోంగూర ప్రస్తావన రెండు వాక్యాలు.

బస్తా కుట్టి, బస్ కంపెనీ ద్వారా లేగోస్‌కు పంపించే ఏర్పాటు అతనే చేశాడు. నేను డబ్బు పంపబోతే నా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. సరుకు లేగోస్‌లో దించాక విప్పి చూడమన్నాడు, తడి తగిలి ఉంటే తిప్పి పంపమన్నాడు, బాగుంటే అప్పుడు పంపమన్నాడు డబ్బు.

"నేనెవరో మీకు తెలియదు కదా" అన్నాను.

"మీ దగ్గర కాదు, అల్హాజీ దగ్గర తీసుకుంటాను" అని చెప్పి, బస్తా మీద మార్కర్‌తో పేరు రాయించాడు. నా పేరు కింద, అల్హాజీ పేరు పైన.